స్ట్రోక్ కేసుల బ్రెయిన్ సీటీలో నాయిస్ ఎక్కువగా ఉంటే ముందు ఏం సరిచేయాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: చిన్న ఊళ్లో 16 స్లైస్ సీటీ నడుపుతున్నారు. చెయ్యీ కాలూ పడిపోయాయనో, మూతి వంకరపోయిందనో వచ్చిన పేషెంట్లకు ప్లెయిన్ బ్రెయిన్ తీస్తే ఇమేజ్ అంతా గింజలు గింజలుగా కనిపిస్తోంది, దీన్నే నాయిస్ అంటాం. చూసే న్యూరో డాక్టరు గారు మెదడులోని గ్రే, వైట్ మ్యాటర్ తేడా తెలియడం లేదంటున్నారు. డోస్ (ఎక్స్‌రే మోతాదు) పెంచాలా, లేక ఈమధ్య ఒకరు వచ్చి డెమో చూపించిన ఏఐ డీనాయిజింగ్ (నాయిస్ తగ్గించే) సాఫ్ట్‌వేర్ కొనాలా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఇప్పటికిప్పుడు ఆ రెండూ వద్దు. తల పెట్టే పద్ధతి, స్లైస్ మందం, కెర్నల్ (ఇమేజ్ పదునుగా రావాలా, మెత్తగా రావాలా అని నిర్ణయించే ఫిల్టర్), విండో (తెర మీద నలుపు నుంచి తెలుపు దాకా చూపించే విలువల పరిధి) ఈ నాలుగూ ముందు సరిచూసుకోండి. మీరు చెప్పిన లాంటి సెంటర్లలో సగానికి పైగా ఇబ్బంది అక్కడే తీరిపోతుంది, పెద్దగా ఖర్చుండదు. ఆ తర్వాత కూడా గింజలు మిగిలితే డోస్ సంగతి, అదీ అయ్యాక సాఫ్ట్‌వేర్ సంగతి. ఈ వరస ఎందుకో కింద రాస్తున్నాను. నేను రేడియాలజిస్టుని. జిల్లా కేంద్రాల నుంచి, ఇంకా చిన్న ఊళ్ల నుంచి వచ్చే బ్రెయిన్ సీటీలు రోజూ చదువుతాను కాబట్టి మీ మెషిన్ చూడకపోయినా మీ అవస్థ బాగానే తెలుసు.

అసలు మనం వెతికే తేడా ఎంత?

సీటీ కణజాలం సాంద్రతని హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో కొలుస్తుంది. నీటి విలువ 0, గాలిది మైనస్ 1000. ఇంత పెద్ద కొలబద్ద మీద గ్రే మ్యాటర్ సుమారు 35-40 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ల దగ్గర, వైట్ మ్యాటర్ 25-30 దగ్గర ఉంటాయి. రక్తం అందక మెదడు ఉబ్బడం మొదలైతే, కణజాలంలో నీరు 1 శాతం పెరిగినప్పుడు విలువ సుమారు 2.5 యూనిట్లు పడిపోతుంది. మొదటి రెండు మూడు గంటల్లో జరిగేది ఇంతే. ఇన్సులా అంచు మసకబారడం, లెంటిఫాం న్యూక్లియస్ పక్కవాటిలో కలిసిపోవడం, కార్టెక్స్ గీత పోవడం లాంటివన్నీ ఆ రెండు మూడు యూనిట్ల తేడా మీద నిలబడిన గుర్తులే.

ఇప్పుడు మీ ఇమేజ్‌లో సెంట్రమ్ సెమియోవేల్ దగ్గర, అంటే వెంట్రికల్స్‌కి పైన ఉన్న వైట్ మ్యాటర్‌లో, ఒక చిన్న ఆర్‌ఓఐ (కొలిచే వలయం) గుండ్రంగా పెట్టి ఎస్‌డీ (లోపలి విలువలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) చూడండి. మంచి 5 మి.మీ. స్లైస్‌లో అది 3-4 దగ్గర ఉంటుంది. 6, 7 చూపిస్తోందంటే మనం వెతికే తేడా కంటే నాయిస్‌దే పైచేయి అయిందన్నమాట. వైశాల్యం పెద్దదైతే, అంటే ఎంసీఏ (మెదడుకి రక్తం తెచ్చే ఒక ప్రధాన ధమని) ప్రాంతం మొత్తం దెబ్బతింటే, కన్ను దాన్నంతటినీ కలిపి చూసి పట్టేస్తుంది. చిన్న ముక్క అయితే మాత్రం చేజారిపోతుంది.

రక్తస్రావం కథ వేరు. తాజా రక్తం సుమారు 60-80 యూనిట్లు ఉంటుంది కాబట్టి, పెద్ద హెమరేజ్‌ని ఎంత గింజలున్న ఇమేజ్‌లోనైనా పట్టొచ్చు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, స్ట్రోక్ పేషెంట్‌కి సీటీ తీసే మొదటి కారణం రక్తస్రావం ఉందా లేదా తేల్చడం. లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇచ్చే, గడ్డ కరిగించే ఇంజెక్షన్ నిర్ణయం చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది. ఇమేజ్ అందంగా రాలేదని ఎవరూ ఆ నిర్ణయాన్ని ఆపకూడదు. వచ్చింది వచ్చినట్టు ముందు పంపేయండి. మెరుగైన రీకాన్ (అదే డేటాతో మళ్లీ తయారుచేసిన ఇమేజ్) ఐదు నిమిషాల తర్వాత పంపినా ఫర్వాలేదు.

తల ఎక్కడ పెట్టారు?

ఒక సెంటర్ నుంచి నాకు వచ్చే బ్రెయిన్‌లన్నీ నెలల తరబడి మురికిగా ఉండేవి. మెషిన్ పాతబడింది, ట్యూబ్ అయిపోయింది అని వాళ్లూ అనుకున్నారు. ఒకరోజు యాక్సియల్ ఇమేజ్‌ని విండో బాగా వెడల్పు చేసి చూస్తే, తల కింద హెడ్ హోల్డర్ వంపు ఉండాల్సిన చోట టేబుల్ అడ్డంగా కనిపించింది. లాటరల్ టోపోగ్రామ్‌లో (స్కాన్‌కి ముందు పక్క నుంచి తీసే ఎక్స్‌రే బొమ్మలో) తల మధ్యలో లేదు, బాగా కిందికి ఉంది. ఫోన్ చేసి అడిగితే హెడ్ హోల్డర్ లాక్ విరిగిందని, పేషెంట్‌ని బాడీ టేబుల్ మీదే పడుకోబెట్టి తల కింద దిండు పెడుతున్నామని చెప్పారు.

దీంతో రెండు నష్టాలున్నాయి. ట్యూబ్ ముందు ఉండే బోటై ఫిల్టర్ మధ్యలో పల్చగా, అంచుల్లో మందంగా ఉంటుంది. తల ఐసోసెంటర్‌లో (మెషిన్ రంధ్రం సరిగ్గా మధ్యలో) ఉంటేనే సరిపడా ఎక్స్‌రే తల మధ్యకి చేరుతుంది. తల కిందికి జారితే ఫిల్టర్ మందపు భాగం తలకి అడ్డం వస్తుంది. పైగా ఎక్స్‌రే టేబుల్‌ని కూడా దాటుకుని రావాలి. డిటెక్టర్‌కి చేరే ఫోటాన్లు తగ్గితే నాయిస్ పెరుగుతుంది. వాళ్లు కొత్త హోల్డర్ తెప్పించుకున్నాక అదే మెషిన్, అదే ఎంఏఎస్‌తో (ఎక్స్‌రే పరిమాణం సెట్టింగ్) ఎస్‌డీ ఆరు చిల్లర నుంచి నాలుగున్నరకి దిగింది.

కాబట్టి మీరు చేయాల్సింది: హోల్డర్ తప్పనిసరి. లేజర్ గీత చెవి రంధ్రం ఎత్తులో పడాలి. గడ్డం కాస్త కిందికి వంచి, నుదుటికీ గడ్డానికీ స్ట్రాప్ వేయండి. స్ట్రోక్ పేషెంట్‌కి మనం చెప్పేది అర్థం కాకపోవచ్చు, అర్థమైనా కదలకుండా ఉండలేకపోవచ్చు. "కదలొద్దమ్మా" అని మైకులో పదిసార్లు అనడం కన్నా రెండు స్పాంజి ముక్కలు తలకి ఇరువైపులా దోపడం నయం. కమ్మలు, ముక్కుపుడక, జడపిన్నులు, సవరంలో ఉండే క్లిప్పులు తీయించండి. హడావిడిలో సవరం ఎవరికీ గుర్తుండదు. దాని క్లిప్పు ఒక్కటి చాలు, ఆక్సిపిటల్ భాగమంతా చారలు పడతాయి.

చారలంటే గుర్తొచ్చింది. కదలిక వల్ల, లోహం వల్ల, చెవి ఎముకల మధ్య బీమ్ హార్డెనింగ్ (ఎముక తక్కువ శక్తి ఎక్స్‌రేని పీల్చేయడం) వల్ల వచ్చే నల్ల పట్టీలు నాయిస్ కాదు, ఆర్టిఫాక్ట్‌లు. సన్నటి రింగులు కనిపిస్తే అది డిటెక్టర్ క్యాలిబ్రేషన్ సమస్య. డీనాయిజింగ్ సాఫ్ట్‌వేర్ వీటిని బాగుచేయదు. ఒక్కోసారి వాటిని నునుపు చేసి నిజమైన మార్పులా కనిపించేట్టు చేస్తుంది. పోస్టీరియర్ ఫోసాలో (తల వెనక అడుగు భాగంలో) పాన్స్ మీదుగా వెళ్లే నల్ల పట్టీని ఇన్‌ఫార్క్ట్ (రక్తం అందక చచ్చిన భాగం) అనుకునే ప్రమాదం ఎప్పుడూ ఉండేదే. దాన్ని మెత్తగా చేస్తే ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

స్లైస్ మందం, కెర్నల్

నాకు వచ్చే స్టడీల్లో తరచూ కనిపించే పొరపాటు ఇది: 0.625 లేదా 1.25 మి.మీ. సన్న స్లైస్‌లు మాత్రమే పంపుతారు. "సన్నగా ఉంటే డీటెయిల్ ఎక్కువ కదా సార్" అంటారు. ఎముక చూడటానికి నిజమే. మెదడులో రెండు మూడు యూనిట్ల తేడా వెతకడానికి కాదు.

లెక్క తేలికే. నాయిస్ అనేది ఫోటాన్ల సంఖ్య వర్గమూలానికి విలోమంగా పోతుంది. 1.25 మి.మీ. స్లైస్‌లు నాలుగు కలిపి 5 మి.మీ. చేస్తే ఫోటాన్లు నాలుగు రెట్లు, నాయిస్ సగం. పేషెంట్‌కి ఒక్క మిల్లీగ్రే కూడా అదనంగా వెళ్లలేదు. ఇదే ఫలితం డోస్‌తో తేవాలంటే డోస్‌ని నాలుగింతలు చేయాలి. మీ ప్రశ్నలోని "డోస్ పెంచాలా" అన్నదానికి జవాబు సగం ఇక్కడే ఉంది.

అలాగని సన్న స్లైస్‌లు పారేయకండి. మందం పెరిగితే చిన్నవి పక్కవాటిలో కలిసిపోతాయి. ఎంసీఏలో గడ్డ తెల్లటి గీతలా కనిపించే గుర్తు, సిల్వియన్ ఫిషర్‌లో చుక్కలా కనిపించే గుర్తు, సల్కస్‌లో (మెదడు మడతల మధ్య గాడిలో) పల్చటి రక్తం, ఇవి సన్న స్లైస్‌లోనే బాగా దొరుకుతాయి. అందుకే రెండు సెట్లు చేయండి: పేరెంకైమా (మెదడు కణజాలం) కోసం 5 మి.మీ., రక్తనాళాల కోసం సుమారు 1 మి.మీ. రా డేటా (స్కానర్ పట్టిన ముడి కొలతలు) కన్సోల్‌లో ఎక్కువ కాలం ఉండదు, కొత్త పేషెంట్లు వచ్చేకొద్దీ పాతది చెరిగిపోతుంది. కాబట్టి రెండో రీకాన్ అప్పుడే పెట్టేయండి.

కెర్నల్ విషయంలో కంపెనీ కంపెనీకి పేరు మారుతుంది. సాఫ్ట్, స్టాండర్డ్, హెడ్ స్మూత్, ఏ పేరున్నా బ్రెయిన్‌కి మెత్తటిది వాడాలి. బోన్ కెర్నల్‌తో చేసిన సిరీస్‌ని బ్రెయిన్ విండోలో చూసి "గింజలున్నాయి" అనుకోవడం నేను చాలాసార్లు చూశాను. ముందు మీ డాక్టరు గారు ఏ సిరీస్ తెరిచి చూస్తున్నారో అడగండి.

విండో: అసలు చిక్కు ఇక్కడుంది

మామూలు బ్రెయిన్ విండో వెడల్పు 80, లెవెల్ 40. ఇందులో రెండు మూడు యూనిట్ల తేడా బూడిద రంగులో దాదాపు తెలియదు. వెడల్పు 40కి, ఇంకా కావాలంటే 30కి తగ్గిస్తే ఆ తేడా కంటికి ఆనుతుంది. 1999లో అమెరికాలో, మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వాళ్లు ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, మామూలు విండోతో 57 శాతం ఉన్న సెన్సిటివిటీ (ఉన్న స్ట్రోక్‌లలో పట్టగలిగిన శాతం), మానిటర్ మీద విండో మార్చుకుంటూ చూస్తే 71 శాతానికి పెరిగింది. స్కాన్ అదే, మార్చింది విండో ఒక్కటే.

అయితే విండో బిగించేకొద్దీ నాయిస్ కూడా అంతే ఎక్కువగా కంటికి కొడుతుంది. గింజలు చూడలేక డాక్టరు మళ్లీ విండో వదులు చేస్తారు, దాంతో గుర్తు మాయమవుతుంది. నాయిస్ వల్ల స్ట్రోక్ మిస్సయ్యేది చాలాసార్లు ఇలాగే. అందుకే నేను నాయిస్ తగ్గించమని ఇంత పట్టుబడతాను. విండో 35-40కి బిగించినా హాయిగా చూడగలిగే ఇమేజ్ రావాలి, అదే మనకు కావలసిన కొలత. 80లో నున్నగా ఉందా లేదా అన్నది పెద్ద విషయం కాదు.

ఇంకో మాట. చాలా ఊళ్లలో న్యూరో డాక్టరు పక్క పట్నంలో ఉంటారు, మీరు ఫిల్మ్‌ని లైట్‌బాక్స్ మీద పెట్టి ఫోన్‌తో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. ఆ ఫోటోలో కెమెరా నాయిస్, కంప్రెషన్, ట్యూబ్‌లైటు మెరుపు అన్నీ చేరతాయి. దానిలో ఇన్సులా అంచు వెతకమనడం అన్యాయం. డైకామ్ ఫైల్ (సీటీ ఇమేజ్ అసలు రూపం) పంపే దారి చూడండి. అది కుదరని రోజు, ఫిల్మ్ కాకుండా మానిటర్ మీద విండో 40, లెవెల్ 40 పెట్టి, బేసల్ గ్యాంగ్లియా మట్టంలో ఒకటి, దానికి పైన కరోనా రేడియాటా మట్టంలో ఒకటి విడిగా ఎగుమతి చేసి పంపండి. యాస్పెక్ట్స్ స్కోర్ (ఎంసీఏ ప్రాంతం ఎంత దెబ్బతిందో చెప్పే అంకె) వేసేది ఆ రెండు మట్టాల్లోనే. రక్తం కోసం మిగతా స్లైస్‌లు ఎలాగూ వెళ్లాలి.

ఇక డోస్

కన్సోల్‌లో సీటీడీఐ వాల్యూమ్ (స్కాన్ డోస్ చెప్పే అంకె) ఎంత చూపిస్తోందో చూడండి. పెద్దవాళ్ల బ్రెయిన్‌కి అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ రిఫరెన్స్ స్థాయి 75 మిల్లీగ్రే, యూరప్‌లో 60 చుట్టుపక్కల అనుకుంటారు. మీది 25-30 చూపిస్తోందంటే ఎవరో ఎప్పుడో పిల్లల ప్రోటోకాల్‌ని కాపీ చేసి పెట్టినట్టే, ధైర్యంగా పెంచండి. స్ట్రోక్ పేషెంట్‌కి రోగం పట్టలేని స్కాన్ తీయడం వల్ల వచ్చే నష్టం ఆ రేడియేషన్ కన్నా చాలా పెద్దది. ఇప్పటికే 55-60 ఉంటే మాత్రం పెంచకండి, లోపం వేరే చోట ఉంది. ట్యూబ్ పాతబడితే, ఎయిర్ క్యాలిబ్రేషన్ చేయకపోతే, సెట్టింగ్ ఎంతున్నా నాయిస్ వస్తుంది. ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ బోర్డు) కోసం చేయించే క్యూఏ (మెషిన్ నాణ్యత పరీక్ష) రిపోర్ట్ ఫైల్లో పెట్టి మర్చిపోకుండా, నాయిస్ విలువలు పోయినసారికీ ఇప్పటికీ ఎంత మారాయో పోల్చి చూడండి.

సాఫ్ట్‌వేర్ సంగతి

ఇక్కడ రెండు రకాలున్నాయి, రెంటినీ కలిపి మాట్లాడకూడదు. ఒకటి స్కానర్ కంపెనీయే రా డేటా మీద చేసే రీకన్‌స్ట్రక్షన్. పాత ఫిల్టర్డ్ బ్యాక్ ప్రొజెక్షన్ తర్వాత అసిర్, సఫైర్, ఐడోస్ లాంటి ఇటరేటివ్ (లెక్కని పదేపదే సరిదిద్దే) పద్ధతులు వచ్చాయి. 2019 నుంచి ట్రూఫిడెలిటీ, ఏఐసీఈ లాంటి డీప్ లెర్నింగ్ రీకన్‌స్ట్రక్షన్లు మార్కెట్లో ఉన్నాయి. మీ మెషిన్‌లో ఇటరేటివ్ ఆప్షన్ ఉండి ఆపేసి ఉందేమో ముందు కనుక్కోండి, ఉంటే మధ్యస్థ స్థాయిలో వాడండి. రెండోది, తయారైపోయిన డైకామ్ ఇమేజ్ మీద బయటి సాఫ్ట్‌వేర్ చేసే నునుపు. మీకు డెమో ఇచ్చింది ఇదే అనుకుంటున్నాను.

నునుపు చేసే ఏ పద్ధతిలోనైనా ఉండే ఇబ్బంది ఒకటే: చేటలో చెరిగినప్పుడు పొట్టుతో పాటు నూకలూ పోయినట్టు, నాయిస్‌తో పాటు మనకు కావలసిన రెండు యూనిట్ల తేడా కూడా పోవచ్చు. సీటీ నాయిస్‌లో పక్కపక్క పిక్సెల్స్‌కి సంబంధం ఉంటుంది. సన్నటి గింజని సాఫ్ట్‌వేర్ తీసేస్తుంది, కానీ ముద్దలు ముద్దలుగా ఉండే నాయిస్ మిగిలిపోతుంది. ఆ ముద్దల సైజు ఒక చిన్న ఇన్‌ఫార్క్ట్ సైజంత ఉంటుంది. ఎస్‌డీ సగమైనా, చిన్న మార్పుని పట్టే శక్తి అంతగా పెరగకపోవడానికి కారణం ఇదే. కాబట్టి డెమోలో "నాయిస్ ఇంత శాతం తగ్గింది" అని చెప్పే అంకెతో కొనకండి.

నా దగ్గరికి అలాంటి ఒక ఉత్పత్తి వచ్చినప్పుడు, వాళ్లు తెచ్చిన కేసులు పక్కన పెట్టి నా పాత కేసులు ఇచ్చాను. వాటిలో ఒక పెద్దావిడకి ఎడమ పెరైటల్ సల్కస్‌లో పల్చటి సబ్‌అరక్నాయిడ్ రక్తం ఉంది. 1 మి.మీ. ఒరిజినల్‌లో గింజల మధ్యే అయినా తెల్లటి సన్న గీత తెలుస్తోంది. శుభ్రం చేసిన ఇమేజ్‌లో ఆ సల్కస్ పక్క కార్టెక్స్‌తో కలిసిపోయింది. చూడటానికి మాత్రం ఆ రెండో ఇమేజే బాగుంది. రక్తస్రావం ఉన్న మనిషికి గడ్డ కరిగించే మందు ఇవ్వడానికి ఆ మాత్రం నునుపు చాలు. నేను అది తీసుకోలేదు.

అన్నీ అలాగే ఉంటాయని అనడం లేదు. మంచివి ఉన్నాయి, రోజురోజుకీ మెరుగవుతున్నాయి. సీటీ పర్‌ఫ్యూజన్‌లో (మెదడులో రక్త ప్రవాహాన్ని కొలిచే స్కాన్) అయితే వీటి అవసరం నిజంగానే పెద్దది. అక్కడ ఒకే చోట తక్కువ కేవీతో (ట్యూబ్ వోల్టేజి), సాధారణంగా 80తో, మళ్లీ మళ్లీ తీస్తాం. ఒక్కో ఫ్రేమ్‌కి డోస్ చాలా తక్కువ, నాయిస్ చాలా ఎక్కువ, కలర్ మ్యాప్ అంతా ఆ లెక్కల మీదే నిలుస్తుంది. ప్లెయిన్ బ్రెయిన్‌కి కొనాలనుకుంటే మాత్రం ఈ పరీక్ష పెట్టండి:

మీ సెంటర్లోనే తీసిన పాత కేసులు ఒక పాతిక ముప్పై ఏరండి. తర్వాత ఎమ్మార్ఐ డిఫ్యూజన్‌లో స్ట్రోక్ తేలినవి సగం, లేదని తేలినవి సగం. చిన్న రక్తస్రావాలు రెండు మూడు కలపండి. పేర్లు తీసేసి, ఒరిజినల్ ఒకసారి, సాఫ్ట్‌వేర్ చేసినవి కొన్ని వారాలు ఆగి ఇంకోసారి మీ డాక్టరు గారితో చదివించండి. ఎన్ని పట్టారు, లేనివి ఎన్ని ఉన్నాయన్నారు, ఈ రెండే చూడండి. సీడీఎస్‌సీఓ (కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ) లైసెన్సు ఉందా అని అడగండి. ఇమేజ్ తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుంది, ఇంటర్నెట్ పోతే ఒరిజినల్ ఆగకుండా వెళ్తుందా అన్నవి కూడా అడగాలి. ఒరిజినల్ సిరీస్‌ని దాచి ప్రాసెస్ చేసినదే పంపే సెట్టింగ్ ఏదైనా ఉంటే దాన్ని ఒప్పుకోకండి.

ఇది చదివే ఇంజినీరింగ్ పిల్లలకి కూడా ఒక మాట, ఈ టాపిక్ మీద ప్రాజెక్టులు చాలామంది చేస్తున్నారు కాబట్టి. మీ డీనాయిజింగ్ పద్ధతి బీఎం3డీ అయినా, ఆర్‌ఈడీ-సీఎన్ఎన్ లాంటి నెట్‌వర్క్ అయినా, పీఎస్ఎన్ఆర్, ఎస్ఎస్ఐఎం (ఇమేజ్ నాణ్యత కొలిచే అంకెలు) పెరిగాయని ఆగిపోవద్దు. మామూలు స్కాన్ మీద 3 యూనిట్ల తేడాతో చిన్న ముక్క కృత్రిమంగా కలిపి, మీ పద్ధతి తర్వాత అది ఎన్ని యూనిట్లు మిగిలిందో కొలవండి. 3 కాస్తా 1 అయిపోతే ఆ నెట్‌వర్క్ స్ట్రోక్‌కి పనికిరాదు, పీఎస్ఎన్ఆర్ ఎంతున్నా సరే.

చివరగా, మీ డాక్టరు గారితో మాట్లాడేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది: నాయిస్ ఎంత తగ్గించినా మొదటి గంటల్లో ప్లెయిన్ సీటీ నార్మల్‌గా ఉండే స్ట్రోక్‌లు చాలా ఉంటాయి. "సీటీ నార్మల్" అని రిపోర్ట్ రాగానే పేషెంట్‌ని ఇంటికి పంపేసిన సందర్భాలు నాకు తెలుసు. చెయ్యి లేవకపోతే, మాట రాకపోతే, రక్తస్రావం లేదని తేలగానే మీ దగ్గర ఇంజెక్టర్ ఉంటే అదే టేబుల్ మీద సీటీ యాంజియో (రక్తనాళాల స్కాన్) గురించి అడగండి. లేకపోతే స్ట్రోక్ సెంటర్‌కి రిఫర్ చేయమనండి. పెద్ద నాళం మూసుకుపోతే, తగిన పేషెంట్లకు 24 గంటల వరకు గడ్డ తీసే అవకాశం ఉందని 2018లో వచ్చిన ట్రయల్స్ తర్వాత మార్గదర్శకాలు మారాయి. ఆలస్యంగా వచ్చారని వదిలేయనక్కర్లేదు.

రేపు ఉదయం మొదటి పేషెంట్‌కి ముందు వాటర్ ఫాంటమ్ (పరీక్షకి వాడే నీటి డబ్బా) పెట్టి, మీ బ్రెయిన్ ప్రోటోకాల్‌తోనే ఒక స్కాన్ తీయండి. మధ్యలో ఒక ఆర్‌ఓఐ, అంచుల్లో నాలుగు పెట్టి సగటు, ఎస్‌డీ రాసుకోండి. సగటు సున్నాకి అటూఇటూ 5 లోపు ఉండాలి. ఆ విలువలతో పాటు మెషిన్ మోడల్, కేవీ, ఎంఏఎస్, సీటీడీఐ, కెర్నల్ పేరు ఇక్కడ రాయండి. పేషెంట్ వివరాలు మాత్రం ఏవీ పెట్టకండి. చూసి ఏది మార్చాలో చెప్తాను.